పరాయి నగరంలో పాట

ఇంట్లో కూర్చుండి రేడియో వినే శ్రోతకు కొన్ని సౌకర్యాలున్నవి. పాట నచ్చకపోతే మీట త్రిప్పవచ్చును. నచ్చితే కన్నులు మూసుకొని తల ఊపవచ్చును. మధ్యలో లేచి పొయ్యి మీది పాలు దింపి వచ్చినా గాయకుడు చిన్నబుచ్చుకోడు. ఈ సౌకర్యాలను ప్రజలకు సమకూర్చుటయే జీవనంగా పెట్టుకొన్న నావంటివాడు, అవేవీ లేనిచోట, దారితెన్నులు తెలియని నగరంలో, కుర్చీ అయినా లేకుండా రెండు గంటలకు పైగా నిలుచుండి సంగీతం విన్నాడంటే మిత్రులకు వింతగా తోచింది. బెంగుళూరులో నేను విన్న ఆ సంగీతాన్ని గురించి, దానితోబాటు మా అశ్వారావుపేట అడవి అంచున ఉన్న మరొక సంగీతాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

బెంగుళూరులో విన్నదానిని ఇండీ రాక్ అంటారు. రాక్ అన్న మాట మన పట్టణాలలో చాలామంది ఎరిగినదే. 1950 ప్రాంతాలలో అమెరికాలో, అక్కడి నల్లజాతివారి పాటల మట్టులో నుండి మొలకెత్తిన సంగీతం అది. విద్యుత్తుతో పలికే గిటారు, మంద్రస్వరాలు పట్టే బేస్ గిటారు, డ్రమ్ములు, ఒక కంఠం: ముఖ్యంగా ఇంతే దాని సరంజామా. ఇక ఇండీ అన్నది ఇండియాకు సంబంధించిన మాట అని కొందరు భావిస్తారు. కాదు. స్వతంత్రమని అర్థమిచ్చే ఇండిపెండెంట్ అన్న పదానికి అది ముద్దుపేరు. 1977లో ఇంగ్లండులో మాంచెస్టరు ప్రాంతపు బజ్‌కాక్స్ అనే బృందంవారు పెద్ద రికార్డు కంపెనీల గడప త్రొక్కకుండా, తెలిసినవారి దగ్గర అప్పు చేసి, తమ రికార్డును తామే వెలువరించారు. ఆ త్రోవన నడిచినవారి సంగీతానికి ఆ పేరు నిలిచింది. అక్కడి యజమానులు రికార్డు కంపెనీలవారు. మన దేశంలో పాటకు యజమాని సినిమా. అందుచేత మన దగ్గర స్వతంత్ర సంగీతమంటే సినిమా నీడ పడని సంగీతమని అర్థం.

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. కలకత్తాలో మొహీనేర్ ఘోడాగులి అనే బృందం 1975లోనే వంగభాషలో ఇట్టి పాటలు కట్టింది. ఢిల్లీలో 1990లో ఏర్పడిన ఇండియన్ ఓషన్ బృందంవారు నర్మదాతీరపు జానపదుల పాటను గిటారుతో పాడి దేశమంతటా వినిపించారు. బెంగుళూరులోని అగం అనే బృందం నళినకాంతి రాగంలో త్యాగరాజస్వామి కూర్చిన తెలుగు కీర్తనను ఎలక్ట్రిక్ గిటార్ల హోరులో నిలబెట్టింది. హైదరాబాదులోని చౌరస్తా బృందంవారు 2020లో కరోనా వ్యాపించిన తొలిరోజులలో, చేతులు కలపవద్దని హితవు చెబుతూ పాడిన పాట ఊరూరా ప్రాకింది. దానికి వెనుక సినిమా లేదు, నాయకుడు లేడు, నాయిక లేదు.

మా సంస్థను నేనే పొగడుకొనుట బాగుండదు గాని, ఒక్కమాట చెప్పక తప్పదు. సినిమాతో నిమిత్తం లేని పాటను తెలుగువారి ఇళ్ళలోనికి మొదట చేర్చిన వారిలో ఆకాశవాణి ఒకటి. 1941లో మద్రాసు కేంద్రంలో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు, 1948 డిసెంబరు 1న ఆరంభమైన విజయవాడ కేంద్రంలోని సంగీతవేత్తలు లలిత సంగీతమన్న పేరుతో చేసిన పని అదే. ‘ఈ మాసపు పాట’ను కాగితం మీద వ్రాసుకొని నేర్చుకొన్న గృహిణులు మన శ్రోతలలో ఇప్పటికీ ఉన్నారు. ఆ పాటలు వీణ మీద, వేణువు మీద నడిచినవి. ఇవి గిటారు మీద నడుస్తున్నవి. వాద్యం మారినంత మాత్రాన వంశం మారిందనుకోను.

నన్ను ఆ హాలుకు చేర్చినది సంగీతాభిరుచి అంటే అతిశయోక్తి అవుతుంది. మా చెల్లెలు పంపగా వెళ్ళాను. ఆమె ఉండేది అశ్వారావుపేటలో. ఆయిల్ పామ్ గెలలు అమ్మిన డబ్బుతో కుమారుని ఇంజనీరింగు చదివించింది. అతడు నాలుగేళ్ళుగా బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. శనివారం రాత్రి ఫోను చేస్తే ఎత్తడు. మరునాడు అడిగితే, “పాటకు వెళ్ళానమ్మా” అంటాడు. ఏ పాట, ఎవరి పాట, రాత్రి పదకొండింటిదాకా పాటేమిటి అని ఆ తల్లికి బెంగ. పండుగలకు రావడం తగ్గింది. తోట చూడవలసినవాడు పాటలలో పడి ఊరు మరచిపోతున్నాడేమోనని లోలోపల భయం. “అన్నయ్యా, నువ్వు రేడియోలో పాటల మనిషివే కదా, ఒకసారి వెళ్ళి ఆ పాటేమిటో చూచి రారాదా?” అన్నది. కాదనుటకు నాకు నోరు రాలేదు.

మా ఊరికి రైలు లేదు. విజయవాడ దాకా బస్సులో పోయి, రాత్రి రైలెక్కి, మరునాడు బెంగుళూరులో దిగాను. ఆ నగరంలో తెలుగు వినబడని వీధి లేదంటారు. నిజమే. ఆటో నడిపేవారిలో, ఇళ్ళు కట్టే మేస్త్రీలలో, పూలమ్మే స్త్రీలలో తెలుగువారు ఎందరో ఉన్నారు. అయినా ఒక నగరం పరాయిదనిపించడానికి భాష ఒక్కటే కారణం కాదు. ఎటు తిరిగినా మనలను ఎరిగిన ముఖం ఒక్కటీ కనబడదు. మనం ఎక్కడి వారమో అడిగే తీరిక ఎవరికీ లేదు. చిన్న ఊరినుండి వచ్చినవానికి మొదటి రోజున అది భయం గొలుపుతుంది. రెండవ రోజున, నిజం చెప్పవలెనంటే, కొంత హాయిగానే ఉంటుంది.

కచేరి ఇందిరానగరంలో. మేనల్లునితో మెట్రో రైలులో వెళ్ళాను. పెద్ద భవనం వెనుక మెట్లెక్కి పోతే రెండు వందలమంది పట్టే గది. టిక్కెట్టు ఫోనులోనే ఉన్నది. వాకిట నిలుచున్న అమ్మాయి ఫోనును ఫోనుతోనే చూచి, నా మణికట్టుకు కాగితపు పట్టీ చుట్టింది. లోపల నావయసువారు నేను తప్ప మరిద్దరు కనబడ్డారు. నన్ను ఎవరూ వింతగా చూడలేదు. ఎనిమిదింటికని ప్రకటించిన కచేరి తొమ్మిదింటికి పావుగంట ముందు మొదలైంది. ఈ విషయంలో మన పల్లెటూరి హరికథలకూ మహానగరపు రాక్ కచేరీలకూ పెద్ద భేదం లేదు.

ఇట్టి గదులు నడుపుట తేలిక అని ఎవరూ అనుకోవద్దు. బహిరంగ వినోద స్థలాలకు పోలీసు అనుమతి ఉండితీరవలెనన్న 2005 నాటి ఉత్తర్వును 2018లో సుప్రీంకోర్టు ఖాయపరచగా, బెంగుళూరులో చాలాచోట్ల ప్రత్యక్ష సంగీతం కొంతకాలం ఆగిపోయింది. ఇరుగుపొరుగుల నిద్రకు రక్షణ ఉండవలసిందే. కాని అనుమతి పత్రాలు సంపాదించే స్తోమత పెద్ద హోటళ్ళకు ఉంటుంది, చిన్నగదులకు ఉండదు. కొత్త పాటలు సాధారణంగా చిన్నగదులలోనే పుడతవి.

వెలుగు తగ్గగానే మేనల్లుడు నా అరచేతిలో రెండు మెత్తని బిరడాలు పెట్టి, “చెవుల్లో పెట్టుకో మామయ్యా, మొదటిసారి కదా” అన్నాడు. సంగీతం వినడానికి వచ్చి చెవులు మూసుకొనుటేమిటని నవ్వుకొన్నాను. కాని ఇది పరిహాసం కాదు. ఇట్టి వేదికలలో శబ్దం సగటున నూరు డెసిబెల్స్ దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక ప్రమాణం ప్రకటించింది. ఆ పరిమితికి దగ్గరగా గంటల తరబడి ఉంటే చెవికి హాని తప్పదు. పిల్లలను ఇట్టి కచేరీలకు పంపే తలిదండ్రులు తక్కిన జాగ్రత్తలతోబాటు యీ బిరడాల సంగతి కూడా చెప్పి పంపడం మంచిది. వాటివల్ల పాట వినబడకుండా పోదు. చురుకుదనం కొంత తగ్గి, మాటలు మరింత తేటగా తెలుస్తవి.

మొదటి దెబ్బ డ్రమ్ము మీద పడగానే ఆ శబ్దం చెవికంటె ముందు ఛాతీకి తగిలింది. ఇది రేడియో అందించలేనిది. ఇరవై ఏళ్ళుగా మైకు ముందు, మిక్సరు వెనుక గడిపినవాణ్ణి. శబ్దాన్ని కొలిచి, కోసి, సర్ది పంపుతాము. మేము పంపేది పాట యొక్క స్వరూపం. దాని బరువును పంపలేము.

బృందంలో ఐదుగురు. అందరూ పగలు ఏదో ఒక ఉద్యోగం చేసుకొనేవారేనట. ఇంకా పేరు రాని కుర్రవాళ్ళు; నా బోటివాడు పేరు చెప్పి ప్రకటన చేయుట వారికీ నాకూ తగదు. సొంత పాటలు కొన్ని కన్నడంలో, కొన్ని ఇంగ్లీషులో పాడారు. అన్నీ బాగున్నవని చెప్పను. రెండు మూడు పాటలకు అరుపే తప్ప ఆకారం లేదు. ఒకదానిలో గాయకుని కంఠం పైషడ్జమం దగ్గర జారింది. స్టూడియోలో అయితే మళ్ళీ పాడించేవాణ్ణి. అక్కడ అతడు చిరునవ్వు నవ్వి ముందుకు సాగిపోయాడు. జనం అతనితోబాటు సాగిపోయారు.

అటుతరువాత శిశునాళ షరీఫ్ తత్వం ఒకటి ఎత్తుకొన్నారు. ఈ పేరు మన శ్రోతలలో అందరికీ పరిచితం కాకపోవచ్చును. ఉత్తర కర్ణాటకంలో, నేటి హావేరి జిల్లాలోని శిశునాళ గ్రామంలో 1819లో పుట్టిన ముస్లిము సాధువు. గోవిందభట్టు అనే బ్రాహ్మణుడు ఆయన గురువు. మన పోతులూరి వీరబ్రహ్మంగారిని, ఆయన శిష్యుడైన దూదేకుల సిద్దయ్యను తలచుకొంటే ఆ గురుశిష్యుల సంబంధం మనకు వెంటనే బోధపడుతుంది. వాడుక మాటలలో, ఇంటి కప్పు కారడం వంటి మామూలు సంగతులతో వేదాంతం చెప్పినవాడు. ఈ తత్వాలను కన్నడ సుగమ సంగీతంలో, అంటే వారి లలిత సంగీతంలో, సి. అశ్వత్ గారు ఇంటింటికీ చేర్చారు. అటుపిమ్మట మైసూరు నుండి వచ్చిన రఘు దీక్షిత్ వాటిని గిటారు మీదికి ఎక్కించి విదేశాలలో సైతం పాడాడు. వీధిలో ఏకతారతో పుట్టిన పాట రేడియో మీదుగా ప్రయాణం చేసి రాక్ వేదిక చేరిందన్నమాట. దారిలో ఎవరూ దాన్ని పారవేయలేదు.

ఆ తత్వం రెండవ చరణంలో ఉండగా గిటారు వాయించే కుర్రవాని తంత్రి తెగింది. అతడు వంగి కొత్త తంత్రి బిగించుకొంటూ ఉండగా, డ్రమ్ముల అబ్బాయి అంచు మీద మెల్లగా తాళం మాత్రం పట్టాడు. గాయకుడు మైకును జనంవైపు త్రిప్పాడు. ఆ గదిలోనివారంతా పాడారు. కన్నడిగులే కాదు, మలయాళీలు, వంగీయులు, ఎవరెవరో. నా ప్రక్కన మా చెల్లెలి కొడుకు, అశ్వారావుపేట బడిలో తెలుగు మీడియం చదివినవాడు, నూట యాభై ఏళ్ళనాటి ఆ కన్నడ తత్వాన్ని ఒక్క అక్షరం తప్పకుండా పాడుతున్నాడు. అతని ముఖం నాకు తెలిసిన ముఖమే గాని, ఆ ముఖంలో ఆ వెలుగు నేను ముందెన్నడూ చూడలేదు. మాటలు తెలియని నాకు చేతులతో తాళం వేయుట తప్ప చేయగలిగినది లేకపోయింది. అదే చేశాను.

కచేరి ముగిసి బయటకు వచ్చి, బండి దగ్గర ఇడ్లీ తింటూ అడిగాను: “నీకింత కన్నడం ఎట్లా వచ్చిందిరా?”

“ఈ పాటలతోనే వచ్చింది మామయ్యా. వచ్చిన కొత్తలో గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఇక్కడికి వస్తే పక్కవాళ్ళు పాడుతుంటారు కదా, వాళ్ళతో కలిస్తే చాలు.”

“మరి మన ఊరి ప్రక్కన కోయగూడేల పాటలు ఎన్ని వచ్చు?”

అతడు తినడం ఆపి కాసేపు ఆలోచించాడు. “ఒక్కటీ రాదు. బడి వార్షికోత్సవంలో కొమ్ముల డాన్సు చూశానంతే. అయినా మామయ్యా, ఇక్కడైతే టిక్కెట్టు కొనుక్కుని తిన్నగా లోపలికి పోవచ్చు. అక్కడ ఎవర్ని అడిగి పోవాలి?”

ఈ ప్రశ్న నన్ను చాలాదూరం వెంబడించింది. నగరంలో టిక్కెట్టు అనేది ఒక మర్యాద. అది కొన్నవాడు ఎవరైనా లోపలికి రావచ్చును, కులగోత్రాలు అడగరు. పరాయి నగరంలో పరాయివానికి చోటు దొరికేది అందువల్లనే. పల్లెలో టిక్కెట్టు లేదు గనుక పిలుపు కావాలి. అశ్వారావుపేట శాసనసభా స్థానం గిరిజనులకు కేటాయించబడినది. చుట్టూ కోయలు, కొండరెడ్లు నివసించే గూడేలున్నవి. సంతలో వారి చేతి చింతపండు, తేనె కొంటాము. వారు పాడే రేల పాట ఎన్నడూ వినకుండా ఊరిలో పుట్టి ఊరిలో పెరిగినవారు వేలమంది ఉన్నారు. పిలువని పేరంటానికి ఎట్లా పోవడమన్న సంకోచం ఒకటి. అడవి పాటలో వినదగినదేముంటుందన్న తేలికభావం మరొకటి. రెండవదే ఎక్కువని నా అభిప్రాయం.

వృత్తిరీత్యా నేను ఆ గూడేలకు ధ్వనిముద్రణ కోసం వెళ్ళి ఉన్నాను. తొలకరికి ముందు వచ్చే భూమి పండుగ రోజులలో పోవాలి. ముందు గూడెం పెద్దలను కలిసి, వచ్చిన పని చెప్పుకొని, వారు కూర్చోమన్నచోట కూర్చోవాలి. ఆడవారు ఒకరి నడుము మీదుగా ఒకరు చేతులు వేసుకొని, వలయంగా నిలిచి, ‘రేల’ పల్లవితో పాట అందుకొంటారు. ఒక జట్టు పాడిన చరణాన్ని మరొక జట్టు తిరిగి పాడుతుంది. మగవారు అడవిదున్న కొమ్ములు తలకు ధరించి, డోళ్ళు వాయిస్తూ ఆడతారు. అక్కడ వేదిక లేదు, ప్రేక్షకుల స్థలమన్నది లేదు. కొంతసేపటికి ఎవరో ఒకరు మన చేయి పట్టి వలయంలోనికి లాగుతారు. మైకు పట్టుకొన్న నావంటివాణ్ణి సైతం విడిచిపెట్టలేదు. ఆనాటి ముద్రణలో పాటకంటె నా చెప్పుల చప్పుడే ఎక్కువ వినబడింది. ఇందిరానగరంలో డ్రమ్ము దెబ్బ ఛాతీకి తగిలినప్పుడు, ఈ తాకిడి నాకు క్రొత్త కాదే అనిపించింది. మంత్రులు వచ్చినప్పుడు స్వాగతద్వారం దగ్గర ఎండలో పది నిమిషాలు ఆడించే కొమ్ము నృత్యాన్ని చూచి ఇదే కోయల కళ అనుకొనేవారు, గాయకుని ఫోటో చూచి పాట విన్నామనుకొనేవారివంటివారు.

ఇదే భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్యగారు ఉండేవారు. కోయలలో డోలి వారిది వంశచరిత్రలు పాడే వృత్తి. పడిగె అనే బొమ్మల బట్టను ఎదుట నిలిపి, డోలు కొట్టుకొంటూ, కోయల ఇలవేల్పుల కథలు, మేడారపు సమ్మక్క సారలమ్మల కథ పాడతారు. రామచంద్రయ్యగారు వాటిని కోయభాషలోను, తెలుగులోను పాడగలిగిన విద్వాంసుడు. వ్రాతప్రతి లేదు, ఆయన కంఠమే గ్రంథం. భారత ప్రభుత్వం 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. రెండేళ్ళకొకసారి మేడారం జాతరకు లక్షలాది జనం తరలిపోతారు. ఆ తల్లుల కథను మొదటి నుండి చివరిదాకా పాడగలిగినవారిని వేళ్ళమీద లెక్కించవచ్చును. షరీఫ్ తత్వాన్ని ముందు అశ్వత్, తరువాత దీక్షిత్ అందుకొన్నట్లు, డోలి పాటను అందుకొనే చేతులు ఏవి? అందుకొన్నా, పాట ఎవరిదో చెప్పి, పాడినవారి పేరు ముందుంచి, రాబడిలో వారికి పాలు పెట్టి అందుకోవాలి. అడవి పాటను ఊరకే తెచ్చుకొని పేరు తమది వేసుకొన్న దృష్టాంతాలు సినిమా రంగంలో తక్కువేమీ కావు. స్వతంత్ర సంగీతమని పేరు పెట్టుకొన్న కుర్రవాళ్ళు ఆ పని చేయరాదు.

తిరిగి వచ్చి మా చెల్లెలికి ఉన్నమాట చెప్పాను. పిల్లవాడు చెడిపోలేదు, ఒంటరిగా ఉండలేక పదిమందితో కలిసి పాడుకొనే చోటు వెదకుకొన్నాడు, ఆ పాటలో ఒకటి మన సిద్దయ్య తత్వంవంటిది. ఆమె అంతా విని, “మరి యిక్కడ పాడుకోవడానికి ఏమీ లేకనా?” అని అడిగింది. అప్పుడు కోయగూడేనికి పోయే దారిలో మామిడితోపు దాకా తానైనా ఎన్నడూ పోలేదన్న సంగతి ఆమెకే గుర్తుకు వచ్చినట్లున్నది. మాట మార్చి, కాఫీ కలిపి ఇచ్చింది.

మేనల్లునికి జాబు వ్రాశాను. భూమి పండుగకు ఏ గూడెం వెళ్ళవచ్చునో, ఎవరిని అడిగి వెళ్ళవలెనో అందులో వ్రాశాను. అతని వెంట ఆ గిటారు కుర్రవాడు కూడా వస్తానన్నాడట. ఇద్దరికీ సెలవు దొరకవలసి ఉన్నది. వస్తే ముందుగా పెద్దల దగ్గర కూర్చోవాలని, గిటారును మొదటి రోజున సంచిలో నుండి తీయవద్దని, చెప్పులు వలయం వెలుపల విడిచిపెట్టవలెనని మరొక జాబులో వ్రాస్తాను.